విజయవాడ, గుంటూరులో టాక్స్ ప్రాక్టీసుకు ఏ పీజీ పనికొస్తుంది?

లా చివరి సంవత్సరంలో ఉన్న పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలు, తరచూ అడిగే ప్రశ్న ఇది: "టాక్సేషన్‌లో ఎల్‌ఎల్‌ఎమ్ చేస్తే ఇక్కడే పని దొరుకుతుందా? చేస్తే ఎక్కడ చేయాలి?" కాలేజీల పేర్లతో జవాబు మొదలుపెడితే దారి తప్పుతాం. ఈ రెండు ఊళ్లలో టాక్స్ పని ఏమిటి, అది ఏ ఆఫీసులో ఎవరి చేతుల మీదుగా నడుస్తోంది, అందులో లాయరు అవసరం ఎప్పుడు పడుతుంది అన్నవి ముందు తెలియాలి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. టాక్స్ కేసులు వాదించడానికి ఎల్‌ఎల్‌ఎమ్ అక్కర్లేదు. ఎల్‌ఎల్‌బీ పూర్తి చేసి, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, ఆల్ ఇండియా బార్ పరీక్ష పాసైతే చాలు. ఆదాయపు పన్ను అధికారి ముందైనా, జీఎస్టీ అధికారి ముందైనా, ట్రిబ్యునల్లో అయినా, హైకోర్టులో అయినా నిలబడే హక్కు ఆ ఎన్‌రోల్‌మెంట్‌తోనే వస్తుంది. ఎల్‌ఎల్‌ఎమ్ లేకపోతే కుదరని వృత్తి ఒక్క బోధనే. లా కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎల్‌ఎల్‌ఎమ్‌లో 55 శాతం మార్కులు, దానిపైన నెట్ లాంటి అర్హత కావాలి. ప్రభుత్వ పన్నుల శాఖలో చేరాలనుకునేవారికి కూడా ఎల్‌ఎల్‌ఎమ్ అవసరం లేదు. అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ స్టేట్ టాక్స్ పోస్టు ఏపీపీఎస్సీ గ్రూప్-1లో ఉంటుంది, దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. జడ్జి పరీక్ష మనసులో ఉన్నవారు ఇంకో లెక్క వేసుకోవాలి. సివిల్ జడ్జి పోస్టుకు కనీసం 3 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. క్లాసుల కోసం కోర్టుకు దూరంగా ఉంటే ఆ గడువు అంత వెనక్కి పోతుంది.

మరి ఎల్‌ఎల్‌ఎమ్ ఇచ్చేదేమిటి? తీరిగ్గా చట్టం చదివే సమయం, రాసే అలవాటు, నలుగురితో పరిచయం. ఏ కోర్సు ఈ మూడింటిని ఎంత ఇస్తుంది, బదులుగా మన దగ్గర ఎంత డబ్బు, ఎన్ని నెలలు తీసుకుంటుంది అన్నదాన్నిబట్టే ఎంచుకోవాలి.

ఇక్కడ పని ఎక్కడుంది

హైకోర్టు 2019 నుంచి అమరావతిలో పనిచేస్తోంది. జీఎస్టీ ఆర్డర్ల మీద రిట్‌లు, ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ తీర్పుల మీద అప్పీళ్లు అక్కడికే వెళ్తాయి. కేంద్ర జీఎస్టీ కమిషనరేట్ గుంటూరులో ఉంది. కస్టమ్స్ ప్రివెంటివ్ కమిషనరేట్ విజయవాడలో ఉంది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన జీఎస్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను 2025 సెప్టెంబరులో ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్ బెంచ్ స్థానాలుగా నోటిఫికేషన్‌లో విశాఖపట్నం, విజయవాడ పేర్లున్నాయి. ఈ ప్రాంతంలో టాక్స్ ప్రాక్టీసు మొదలుపెట్టాలనుకునే పిల్లలకు ఇంతకు మించిన మంచి కబురు ఇటీవలి కాలంలో రాలేదని నా నమ్మకం. ట్రిబ్యునల్ లేక పేరుకుపోయిన వివాదాలన్నీ అప్పీళ్లుగా మారాలి, వాటిని ఎవరో ఒకరు రాయాలి.

దూరంగా ఉన్నవీ ఉన్నాయి. మన జిల్లాల ఆదాయపు పన్ను అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ బెంచ్ విశాఖలో ఉంది. కస్టమ్స్, పాత ఎక్సైజ్, సర్వీస్ టాక్స్ వివాదాలు వినే సెస్టాట్ హైదరాబాద్‌లో ఉంది. ఆదాయపు పన్నులో మొదటి అప్పీలు 2020 నుంచి చాలావరకు ఫేస్‌లెస్ అయిపోయింది. అధికారి ఎవరో తెలియదు, ఎదురుగా కూర్చుని నచ్చజెప్పే అవకాశం తక్కువ. పోర్టల్‌లో అప్‌లోడ్ చేసిన కాగితమే మాట్లాడాలి. అందుకే శుభ్రంగా రాయగలిగిన జూనియర్‌కు ఇప్పుడున్నంత విలువ మునుపు లేదు.

ఇక పని సరుకు. మిర్చి యార్డు చుట్టూ ఉన్న కమీషన్ వ్యాపారం, కోల్డ్ స్టోరేజీలు ఒకవైపు. రైతు దగ్గర పత్తి కొంటే కొన్నవాడే జీఎస్టీ కట్టాల్సిన రివర్స్ ఛార్జ్ పద్ధతితో జిన్నింగ్ మిల్లులు పడే తిప్పలు ఇంకోవైపు. ఆటోనగర్ బాడీ బిల్డింగ్, విడిభాగాల వ్యాపారం, వన్ టౌన్ హోల్‌సేల్ బట్టల కొట్లు, రాజధాని పనుల కాంట్రాక్టర్లు, స్థలం ఒకరిది కట్టుబడి ఒకరిదిగా సాగే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లు ఉన్నాయి. పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడి పొలమో ఫ్లాటో అమ్ముకుంటే కొన్నవారు ఎంత టీడీఎస్ కోయాలన్న తగువు ప్రతి వీధిలోనూ ఉంది. పొలం పట్టణం హద్దుకు ఎంత దూరంలో ఉందన్న దాన్నిబట్టి పన్ను ఉందో లేదో తేలుతుంది. జనాభానుబట్టి ఆ హద్దు 2, 6, 8 కిలోమీటర్లుగా మారుతుంది. తాడేపల్లి, పెదకాకాని, గన్నవరం వైపు భూములు అమ్మినవాళ్లకు ఈ కొలత ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

అమరావతి భూసమీకరణ అయితే ఈ నేలకే ప్రత్యేకమైన పన్ను అంశం. ఆ పథకం కింద భూమి ఇచ్చిన రైతులకు క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభం మీద పన్ను) మినహాయింపు ఇస్తూ 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 10(37ఎ) చేర్చారు. 2014 జూన్ 2 నాటికి ఆ భూమికి యజమాని అయి ఉండటం అందులో కీలకం. తిరిగి వచ్చిన ప్లాటును తర్వాత అమ్మితే కొనుగోలు ధర ఏదిగా తీసుకోవాలన్నదానికి వేరే నియమం ఉంది. ఢిల్లీలోనో బెంగళూరులోనో ఎంత గొప్ప ప్రొఫెసరైనా ఈ సెక్షన్‌ను క్లాసులో ఒక వాక్యంతో దాటేస్తారు. ఇక్కడ మాత్రం దాని మీదే ఊళ్లకు ఊళ్లకు సలహా కావాలి.

ఈ పనంతా ఇప్పుడు చేస్తున్నదెవరు? రిటర్నులు, లెక్కలు ఆడిటర్ గారి ఆఫీసుల్లో, టాక్స్ కన్సల్టెంట్ల దగ్గర నడుస్తాయి. నోటీసుకు జవాబు కూడా చాలాసార్లు వాళ్లే ఇస్తారు. ఆర్డర్ వచ్చాక, బ్యాంకు ఖాతా అటాచ్ అయ్యాక, గడువు దగ్గర పడ్డాక లాయరు దగ్గరికి వస్తారు. అంటే మన దగ్గర టాక్స్ లాయరుకు పని చెప్పేది ఎక్కువగా ఆడిటర్లే. కోర్సు ఎంచుకునేటప్పుడు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. చదువుకునే ఆ కాలంలో మిమ్మల్ని ఆడిటర్ల ప్రపంచానికి దగ్గర చేసే చదువు ఒకటి, దూరం చేసే చదువు ఇంకొకటి.

నాగార్జున యూనివర్సిటీ, చుట్టుపక్కల లా కాలేజీలు

ఇక్కడే ప్రాక్టీసు చేయాలని గట్టిగా అనుకున్నవారికి నా మొదటి సలహా ఇదే. ఏపీ పీజీఎల్‌సెట్ రాసి చేరాలి, కోర్సు రెండేళ్లు. 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున యూనివర్సిటీ సరిగ్గా విజయవాడకూ గుంటూరుకూ మధ్య హైవే మీదే ఉంది. ఇంట్లో ఉండి చదువుకోవచ్చు, ఖర్చు తక్కువ. అన్నిటికంటే పెద్ద లాభం, సాయంత్రాలు మీ చేతిలో ఉంటాయి. క్లాసు అయ్యాక సూర్యారావుపేటలోనో గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో ఒక సీనియర్ ఆఫీసుకు వెళ్లి కూర్చోవచ్చు. ప్రాక్టీసు సాగిస్తూ రెగ్యులర్ కోర్సు చేయడం గురించి మాత్రం అటు బార్ కౌన్సిల్‌లోనూ ఇటు కాలేజీలోనూ ముందే స్పష్టంగా అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. హాజరు నిబంధన ఎక్కడైనా ఉంటుంది.

లోపం కూడా చెప్పాలి. రాష్ట్ర యూనివర్సిటీల ఎల్‌ఎల్‌ఎమ్‌లో చాలా చోట్ల టాక్సేషన్ విడి బ్రాంచిగా ఉండదు. కార్పొరేట్, కమర్షియల్ లా బ్రాంచిలో ఒకటి రెండు పేపర్లుగా ఉంటుంది. "టాక్స్‌లో ఎల్‌ఎల్‌ఎమ్" అనుకుని చేరి, రెండేళ్లలో టాక్స్ చదివింది నాలుగు నెలలేనని తర్వాత బాధపడేవారు ఉంటారు. బ్రాంచి పేరు కాదు, పేపర్ల జాబితా చూడండి. బోధించేవారిలో టాక్స్ కేసులు స్వయంగా చూసినవారు ఒక్కరైనా ఉన్నారా అని సీనియర్ విద్యార్థులను అడగండి. అమరావతి చుట్టూ వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీల లా విభాగాలకూ ఇవే ప్రశ్నలు వేయాలి, అక్కడ ఫీజు ఎక్కువ కాబట్టి ఇంకా గట్టిగా వేయాలి. భవనం చూసి నిర్ణయం తీసుకోవద్దు. లైబ్రరీలో టాక్స్ జర్నల్స్ డేటాబేస్ పని చేస్తోందా, ఇంటి నుంచి లాగిన్ ఇస్తారా అన్నది చూడండి.

నేషనల్ లా యూనివర్సిటీలు

వీటికి దారి క్లాట్ పీజీ. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఎల్‌ఎల్‌ఎమ్ ఒక ఏడాదిలో అయిపోతుంది. లైబ్రరీలు, సెమినార్లు, దేశం నలుమూలల నుంచి వచ్చిన సహాధ్యాయులు, వీటి విలువను తక్కువ చేయలేం. రాయడం నిజంగా నేర్పే చోట్లు ఇవి. కానీ రెండు విషయాలు తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. క్యాంపస్‌కు వచ్చే పెద్ద లా ఫర్ములు ఎక్కువగా అయిదేళ్ల కోర్సు పిల్లల కోసం వస్తాయి, ఎల్‌ఎల్‌ఎమ్ బ్యాచ్ మీద వాటి చూపు తక్కువ. ఆ ఉద్యోగాలు వచ్చినా హైదరాబాద్, బెంగళూరు, ముంబై, ఢిల్లీలోనే ఉంటాయి. ఫీజు, హాస్టల్ కలిపి ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. అప్పు చేసి చదివి బెజవాడ తిరిగొచ్చి జూనియర్‌గా చేరితే, మొదటి రెండు మూడేళ్లు వచ్చేది ఈఎంఐకి చాలదు. ఆ టెన్షన్‌లోనే మంచి పిల్లలు ప్రాక్టీసు వదిలేసి ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతారు. అప్పు లేకుండా చదివించే స్తోమత ఉంటేనే ఈ దారి, ఇక్కడికి తిరిగి రావాలనుకునేవారికి.

తిరిగి రావాలన్న ఉద్దేశంతోనే వెళ్తే, ర్యాంకుల పట్టిక కన్నా ఊరిని చూసి ఎంచుకోమంటాను. విశాఖ దగ్గరి సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య నేషనల్ లా యూనివర్సిటీకి పేరులో హైదరాబాద్‌లోని లా యూనివర్సిటీ నల్సార్ అంత బరువు లేకపోవచ్చు. కానీ కృష్ణా, గుంటూరు జిల్లాల ఆదాయపు పన్ను అప్పీళ్లు వినే బెంచ్ విశాఖలోనే ఉంది. చదువుకునే ఏడాదిలోనే అక్కడి సీనియర్ దగ్గర ఇంటర్న్‌షిప్ చేసి, ఆ కోర్టు హాలు, రిజిస్ట్రీ, పేపర్ బుక్ (అప్పీలుకు జతచేసే కాగితాల కట్ట) కట్టే పద్ధతి నేర్చుకుని వస్తే, విజయవాడ ఆడిటర్లకు మీరు వెంటనే పనికొస్తారు. నల్సార్‌కు సీటు వస్తే అది గొప్ప అవకాశమే. హైదరాబాద్‌లో ఆదాయపు పన్ను ట్రిబ్యునల్, సెస్టాట్ రెండూ ఉన్నాయి, పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు ఉన్నాయి. అయితే అక్కడ చదివినవారిని హైదరాబాదే ఉంచేసుకుంటుంది, ఆ సంగతి ఇంట్లోవాళ్లు కూడా ముందే ఒప్పుకోవాలి.

బోధన వైపు వెళ్లేవారికి ఒక హెచ్చరిక. ఒక ఏడాది ఎల్‌ఎల్‌ఎమ్‌ను ఎత్తేయాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2021లో నిబంధనలు తెచ్చింది, దాని మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్సు నడుస్తూనే ఉంది. అధ్యాపక వృత్తే లక్ష్యమైతే మాత్రం రెండేళ్ల కోర్సు నిశ్చింత.

డిప్లొమాలు, ఆన్‌లైన్, విదేశాలు

దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇచ్చే ఎల్‌ఎల్‌ఎమ్‌ల మీద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గట్టిగా హెచ్చరించింది. తన అనుమతి లేనివాటిని గుర్తించబోనని చెప్పింది. డిగ్రీ కోసం వాటి జోలికి పోవద్దు. పీజీ డిప్లొమాలు, సర్టిఫికెట్ కోర్సులు వేరు. అవి డిగ్రీలుగా చెలామణీ కావు, జ్ఞానం కోసం అయితే మంచివే. కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ నడిపే జీఎస్టీ సర్టిఫికెట్ కోర్సు లాంటివి లా పిల్లలకు లెక్కల భయం పోగొడతాయి.

కామర్స్ లేదా లా డిగ్రీ ఉన్నవారు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకునే వీలు నియమం 83లో ఉంది, దాని పరీక్షను పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ న్యాసిన్ నిర్వహిస్తుంది. ఆ సంస్థ కొత్త ప్రాంగణం మన రాష్ట్రంలోనే, శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలో 2024 జనవరిలో ప్రారంభమైంది. లాయరుకు వాదించే హక్కు ఎలాగూ ఉంది. ఈ నమోదుతో రిటర్నుల పని కూడా చేయొచ్చు కాబట్టి మొదటి ఏళ్లలో నాలుగు రాళ్లు వస్తాయి.

అమెరికా వైపు చూసేవారికి క్లుప్తంగా చెబుతాను. అక్కడ టాక్స్ ఎల్‌ఎల్‌ఎమ్‌కు న్యూయార్క్ యూనివర్సిటీ, జార్జ్‌టౌన్, ఫ్లోరిడా పేరున్నవే. కానీ నేర్పేది ప్రధానంగా అమెరికా పన్ను చట్టం. అక్కడ స్థిరపడేవారికి అది దారి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో చేసే అంతర్జాతీయ పన్ను చదువు హైదరాబాద్, బెంగళూరు ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (ఒకే గ్రూపు కంపెనీల మధ్య లావాదేవీల ధరల లెక్క) ఉద్యోగాలకు పనికొస్తుంది. గుంటూరు ఎన్నారై కుటుంబాల ఆస్తి అమ్మకాల పనికి అంత దూరం వెళ్లనవసరం లేదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం, తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ దరఖాస్తు ఇక్కడే ఒక మంచి ఆఫీసులో నేర్చుకోవచ్చు.

ఎల్‌ఎల్‌ఎమ్ కన్నా లెక్కలు మేలా?

చాలామందికి, అవును. బీకాం చేసి లా చదివినవారు, సీఏ ఇంటర్ దాకా వెళ్లి ఆగిపోయినవారు మన ఊళ్లలో వందలమంది ఉన్నారు, విజయవాడ సీఏ కోచింగ్‌కు పేరుమోసిన ఊరు మరి. అలాంటివారు ఎల్‌ఎల్‌ఎమ్ బదులు ఆగిన సీఏనో సీఎంఏనో (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) పూర్తి చేయగలరేమో ముందు చూసుకోవాలి. టాక్స్ ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టగలిగేది చార్టర్డ్ అకౌంటెంటే. హైకోర్టులో వాదించగలిగేది అడ్వొకేటే. ట్రిబ్యునల్ దాకా ఇద్దరూ వెళ్లగలరు. లెక్కా చట్టమూ రెండూ తెలిసిన మనిషికి ఈ ప్రాంతంలో పని వెతుక్కోవాల్సిన అవసరం రాదు.

బీఏ చదివి లా చేసినవారు బెంగపడక్కర్లేదు. ఒక ఆడిటర్ ఆఫీసులో ఆరు నెలలు కూర్చుని బ్యాలెన్స్ షీట్ చదవడం, టాలీలో లెడ్జరు వెతకడం, జీఎస్టీ పోర్టల్‌లో 2బీ స్టేట్‌మెంట్‌ను (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా) మన కొనుగోళ్లతో సరిచూడటం నేర్చుకోండి. ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తగ్గించుకోవడం) నోటీసుల్లో సగం గొడవ అక్కడే ఉంటుంది. ఇది చేతకాకుండా ఎల్‌ఎల్‌ఎమ్ చేసినా క్లయింటు ఫైలు అర్థం కాదు.

సిలబస్ ఎలా పరీక్షించాలి

ఏ కోర్సుకైనా ఫీజు కట్టే ముందు సిలబస్ కాపీ చేతికి తీసుకోండి. ఆదాయపు పన్ను చట్టం 2025 అందులో ఉందా చూడండి. 536 సెక్షన్ల ఆ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, పాత అసెస్‌మెంట్ ఇయర్ స్థానంలో టాక్స్ ఇయర్ వచ్చింది. అలాగని 1961 చట్టాన్ని పూర్తిగా తీసేసిన సిలబస్ కూడా పనికిరాదు. పాత సంవత్సరాల అప్పీళ్లు ఇంకా ఎన్నో ఏళ్లు పాత చట్టం కిందే నడుస్తాయి. రెండు చట్టాల సెక్షన్లను పక్కపక్కన పెట్టి నేర్పే అధ్యాపకులు దొరికితే ఆ కాలేజీని వదలకండి.

జీఎస్టీలో 2024-25 నుంచి డిమాండ్ నోటీసులకు సెక్షన్ 74ఎ వచ్చింది. అంతకుముందు సంవత్సరాలకు 73, 74 వర్తిస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు మారాయి. అప్పిలేట్ ట్రిబ్యునల్ ప్రొసీజర్ రూల్స్ 2025లోనే వచ్చాయి. సిలబస్‌లో వీటి జాడ లేకుండా వ్యాట్, సర్వీస్ టాక్స్ దగ్గరే ఆగిపోతే, ఆ విభాగం జీఎస్టీ వచ్చిన 2017 తర్వాత తలుపు తెరవలేదని అర్థం. అడ్మిషన్ రోజున అధ్యాపకులను మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: "సార్, అప్పీలు డ్రాఫ్టింగ్ ప్రాక్టికల్‌గా చేయిస్తారా?" మొదటి జీఎస్టీ అప్పీలుకు గడువు మూడు నెలలు, కారణం చూపితే మరో నెల. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. ఈ గడువులు, డిపాజిట్లు, గ్రౌండ్స్ (అప్పీలు కారణాలు) రాసే తీరు చేతితో చేస్తేనే వస్తాయి.

ఎల్‌ఎల్‌ఎమ్‌లో రాయాల్సిన పరిశోధన వ్యాసం, అంటే డిసర్టేషన్ విషయానికి వస్తే, మన పిల్లలు దాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారనిపిస్తుంది. "భారతదేశంలో జీఎస్టీ: ఒక సమీక్ష" అనే అంశంతో వంద పేజీలు నింపితే అది ఎవరికీ అక్కరకు రాదు. మిర్చి కమీషన్ ఏజెంటు ఎవరి పేరుతో ఇన్‌వాయిస్ ఇస్తున్నాడన్న దాన్నిబట్టి అతని మీద పన్ను ఎలా మారుతుందో రాయండి. పత్తి రివర్స్ ఛార్జ్ మీద రాయండి. భూసమీకరణ ప్లాట్లు రెండో చేతికి, మూడో చేతికి మారినప్పుడు మినహాయింపు ఏమవుతుందో రాయండి. యార్డులో వ్యాపారులతో, జిల్లాలోని ఆడిటర్లతో మాట్లాడి సమాచారం సేకరించండి, అందుకు వెళ్లినప్పుడే పరిచయాలు పెరుగుతాయి. పూర్తయ్యాక దాన్ని పది పేజీల నోట్‌గా కుదించి, మీరు కలిసిన ప్రతి ఆడిటర్ గారికీ ఒక కాపీ ఇచ్చి రండి. అంశం మొదటి సెమిస్టర్‌లోనే ఖాయం చేసుకుని గైడ్‌తో ఒప్పించుకోండి, చివరి సెమిస్టర్‌కు వదిలేస్తే మార్కెట్ సీజనూ దాటిపోతుంది, వ్యాపారులూ దొరకరు.